కౌలు పద్దు: తయారీ కంపెనీ ఆపరేటింగ్ లీజుల్లో రొక్కం జాడ

తయారీ కంపెనీ అనగానే కళ్ళ ముందు ఒక పెద్ద షెడ్డు, అందులో యంత్రాలు, బయట బారులు తీరిన ట్రక్కులు కనిపిస్తాయి. ఇవన్నీ ఆ కంపెనీవే అనుకుంటాం. చాలా సందర్భాల్లో కావు. షెడ్డు ఒకరిది, ఫోర్క్‌లిఫ్టులు మరొకరివి, ట్రక్కులు ఇంకొకరివి. కంపెనీ చేసేదల్లా అద్దె కట్టడం. ఆ అద్దె రొక్కంగా ఎంత బయటికి వెళ్తోంది, ఇంకా ఎన్నేళ్ళు వెళ్ళాలి, ఏటికేడాది అది ఎలా మారుతోంది అన్నవి కంపెనీ ప్రకటించే పత్రాల్లోంచే ఎలా రాబట్టాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ప్రోగ్రాములు రాసుకునే మనకి ఈ గొడవ ఎందుకు అంటారా? మనలో కొంతమంది తయారీ కంపెనీల ఐ.టి. విభాగాల్లో లీజు మాడ్యూళ్ళ మీదే పనిచేస్తున్నారు. ఎకౌంటెంటు ఇచ్చిన స్పెక్ ప్రకారం కోడ్ రాస్తారు గాని, ఆ అంకెలు అలా ఎందుకు కదులుతాయో చెప్పే నాథుడు ఉండడు. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. ఉద్యోగం ఆ కంపెనీలో, పొదుపులో పెద్ద భాగం ఆ కంపెనీ షేర్లలో, చాలామందికి వీసా కూడా ఆ కంపెనీ పేరు మీదే. ఇన్ని ముడులు పడ్డ చోట, కంపెనీ ఎవరికి ఎంత బాకీ పడి ఉందో తెలియకుండా కూర్చోవడం నాకు తెలివైన పనిగా అనిపించదు.

లీజుకి మనకి పాత మాట ఉండనే ఉంది, కౌలు. పొలం మక్తాకి తీసుకున్న రైతు పంట పండినా ఎండినా ఒప్పుకున్నది ఇచ్చుకోవాల్సిందే. పంటలో పాలుకి తీసుకున్నవాడు పండినదాంట్లోంచి ఇస్తాడు. ఈ తేడా కొంచెం గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

అమెరికాలో ఈ పద్దుల సూత్రాలు రాసేది ఫాజ్‌బీ అనే సంస్థ. 1976లో అది ఇచ్చిన 13వ ప్రమాణం లీజులని రెండు రకాలుగా విడగొట్టింది. ఆస్తి ఆయుర్దాయంలో 75 శాతం గాని అంతకు మించి గాని లీజు నడిచినా, కట్టబోయే అద్దెల నేటి విలువ ఆస్తి విలువలో 90 శాతాన్ని ముట్టినా (ఇంకో రెండు పరీక్షలు కూడా ఉన్నాయి), అది దాదాపు కొన్నట్టే లెక్క. అప్పుగా బేలన్స్ షీటులో చూపించాలి. అలా కాకపోతే ఆపరేటింగ్ లీజు. బేలన్స్ షీటు ఎక్కక్కర్లేదు. గీత 90 దగ్గర గీస్తే ఒప్పందాలు 89 దగ్గర పుట్టుకొస్తాయని వేరే చెప్పాలా? ఎన్రాన్ కుప్పకూలాక అమెరికా కాంగ్రెసు ఆదేశం మీద ఎస్.ఇ.సి. 2005లో ఒక నివేదిక ఇచ్చింది. బేలన్స్ షీటు ఎక్కని లీజు బాకీలు సుమారు 1.25 ట్రిలియన్ డాలర్లు ఉంటాయని అందులో అంచనా వేశారు. ఆ తరవాత పదకొండేళ్ళ తర్జనభర్జన. చివరికి 2016 ఫిబ్రవరిలో కొత్త ప్రమాణం, ఏ.ఎస్.సి. 842, వచ్చింది. డిసెంబరుతో లెక్కలు ముగించే పబ్లిక్ కంపెనీలకి ఇది 2019 నుంచి అమలయింది, ప్రైవేటు కంపెనీలకి 2022 నుంచి.

కొత్త ప్రమాణం వల్ల ఏడాదికి మించిన ఆపరేటింగ్ లీజులు కూడా బేలన్స్ షీటు ఎక్కాయి. ఒక పక్క కట్టవలసిన అప్పు, మరో పక్క వాడుక హక్కు. అయితే లాభనష్టాల పట్టికలో మాత్రం పాత పద్ధతే మిగిలింది: ఏటా ఒకే మొత్తం ఖర్చు. రొక్కం ప్రవాహాల పట్టికలో కూడా పాత చోటే, అంటే వ్యాపార కార్యకలాపాల భాగంలోనే, అదీ కలిసిపోయి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక ఉదాహరణ తీసుకుంటే గాని ఇది మింగుడు పడదు.

ఒక కంపెనీ అయిదేళ్ళకి ఒక షెడ్డు లీజుకి తీసుకుంది అనుకుందాం. అద్దె ఏడాది చివర కట్టాలి. మొదటి ఏడు లక్ష డాలర్లు, ఆ పైన ఏటా పదివేలు చొప్పున పెరిగి అయిదో ఏట 1,40,000. మొత్తం ఆరు లక్షలు. ఇదే షెడ్డు కొనడానికి బేంకు దగ్గరికి వెళితే 6 శాతం వడ్డీ పడేది అనుకుందాం. ఆ రేటుతో ఈ అయిదు అద్దెల నేటి విలువ కడితే 5,00,582 డాలర్లు వస్తుంది. మొదటి రోజున అప్పు అంతే, వాడుక హక్కు కూడా అంతే.

లాభనష్టాల పట్టికలో చూపే ఖర్చు మాత్రం ఆరు లక్షల్ని అయిదుతో భాగించగా వచ్చిన 1,20,000. మొదటి ఏడూ అంతే, ఆఖరి ఏడూ అంతే. చేతిలోంచి వెళ్ళిన రొక్కం మొదటి ఏట లక్షే. ఈ ఇరవై వేల తేడాని రొక్కం పట్టిక ఎలా సర్దుతుందో చూడండి. ఏడాదిలో అప్పు మీద 6 శాతం వడ్డీ 30,035 పెరిగింది, కట్టిన లక్ష తరిగింది. అప్పు 4,30,617కి దిగింది, అంటే 69,965 తగ్గింది. ఖర్చు 1,20,000 కావాలంటే, వడ్డీ 30,035 పోను మిగిలిన 89,965 వాడుక హక్కులోంచి కోసుకోవాలి. రొక్కం పట్టిక నికర లాభంతో మొదలవుతుంది. అందులో ఈ లీజు వాటా మైనస్ 1,20,000. రొక్కం కాని ఖర్చు కాబట్టి 89,965 తిరిగి కలుపుతారు. అప్పు తగ్గింది కాబట్టి 69,965 తీసేస్తారు. మిగిలేది సరిగ్గా మైనస్ లక్ష. లెక్క కుదిరింది, కాని గమనించారా? ఆ లక్ష అన్న అంకె పట్టికలో ఎక్కడా కనిపించదు. మూడు వరసల్లో ముక్కలై, వందలాది ఇతర పద్దులతో కలిసిపోయి ఉంటుంది.

అయిదేళ్ళూ వరసగా వేస్తే ఇలా ఉంటుంది:

1వ ఏడు: కట్టింది 1,00,000, మిగిలిన అప్పు 4,30,617, మిగిలిన హక్కు 4,10,617, తేడా 20,000
2వ ఏడు: కట్టింది 1,10,000, అప్పు 3,46,454, హక్కు 3,16,454, తేడా 30,000
3వ ఏడు: కట్టింది 1,20,000, అప్పు 2,47,241, హక్కు 2,17,241, తేడా 30,000
4వ ఏడు: కట్టింది 1,30,000, అప్పు 1,32,075, హక్కు 1,12,075, తేడా 20,000
5వ ఏడు: కట్టింది 1,40,000, అన్నీ సున్నా

చివరి గడిని చూడండి. అప్పుకీ హక్కుకీ మధ్య తేడా ఎప్పుడూ అప్పటిదాకా చూపిన మొత్తం ఖర్చులోంచి అప్పటిదాకా కట్టిన మొత్తం రొక్కం తీసేస్తే వచ్చేదే. ప్రోగ్రాము రాసేవాళ్ళకి ఇంతకన్నా మంచి తనిఖీ దొరకదు; ప్రతి నెలాఖరుకీ ప్రతి లీజు మీదా దీన్ని నడిపించవచ్చు. ముందుగా కట్టిన అద్దెలు, లీజు కుదర్చడానికి పెట్టిన దళారి ఖర్చులు, యజమాని ఇచ్చిన రాయితీలు ఉంటే వాటిని సవరించుకోవాలి.

ఈ తనిఖీ విరిగే సందర్భం ఒకటి ఉంది, దాన్ని మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చూడాలి. కంపెనీ ప్లాంటు మూసేసిందనుకోండి. వాడుక హక్కుకి విలువ పడిపోయింది కనక దాన్ని ఒక్క దెబ్బతో కొట్టేస్తారు. అప్పు మాత్రం ఒక్క డాలరు కూడా తగ్గదు. షెడ్డుకి తాళం పడినా మక్తా కట్టాల్సిందే కదా! అప్పుకీ హక్కుకీ మధ్య దూరం హఠాత్తుగా పెరిగితే, ఎక్కడో ఖాళీ షెడ్డుకి అద్దె కడుతున్నారేమో అని అడగాలి. మనుషులని ముందే పంపేసి ఉంటారు. అద్దె రొక్కం ఇంకా కొన్నేళ్ళు పోతూనే ఉంటుంది.

మరి ఆ కనిపించని లక్షని పట్టుకోవడం ఎలా? ప్రమాణం ఒక మేలు చేసింది. లీజు అప్పు లెక్కలో చేరిన అద్దెలకి గాను ఈ ఏడాది ఎంత రొక్కం కట్టారో నోట్సులో విడిగా చెప్పమంది. వార్షిక నివేదిక 10-కెలో లీజుల నోటు తెరిస్తే ఈ అంకె ఉంటుంది. ఎక్స్.బి.ఆర్.ఎల్. పుణ్యమా అని దీనికి ఒక టేగు కూడా ఉంది, ఆపరేటింగ్‌లీజ్‌పేమెంట్స్ అని. 2021 నుంచి ఎస్.ఇ.సి. తన ఎడ్గార్ భాండారంలోని ఈ అంకెల్ని జేసన్ రూపంలో ఉచితంగా ఇస్తోంది. కంపెనీ గుర్తింపు సంఖ్య, టేగు పేరు ఇస్తే చాలు, ఇప్పటిదాకా ఆ కంపెనీ చెప్పిన విలువలన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి.

వచ్చి పడ్డాక మొదలవుతుంది అసలు కథ. ప్రతి విలువతో పాటు ఆర్థిక సంవత్సరం అని ఒక గడి ఉంటుంది. దాన్ని నమ్మి గ్రూప్ చేశారో, కొంప మునుగుతుంది. అది ఆ విలువ ఏ ఏడాదిదో చెప్పదు, ఏ నివేదికలో వచ్చిందో చెబుతుంది. 2023 నివేదికలో 2021, 2022, 2023 మూడేళ్ళ అంకెలూ ఉంటాయి, మూడింటి మీదా 2023 ముద్రే ఉంటుంది. మొదలు తేదీ, ముగింపు తేదీ అన్న గడుల్నే నమ్ముకోండి.

రెండో తలనొప్పి మూడు నెలల నివేదికలు. రొక్కం అంకెలు ఏడాది మొదలు నుంచి కూడుకుంటూ వస్తాయి. రెండో త్రైమాసికం కావాలంటే ఆరు నెలల అంకెలోంచి మూడు నెలలది తీసెయ్యాలి; నాలుగోదానికి 10-క్యూ ఉండదు కనక ఏడాది అంకెలోంచి తొమ్మిది నెలలది తీసెయ్యాలి. కొన్ని కంపెనీలు ఈ నోటు ఏడాదికి ఒకసారే ఇస్తాయి, అప్పుడు చేసేదేమీ లేదు. ఒకే కాలానికి రెండు నివేదికల్లో రెండు వేర్వేరు అంకెలు కనిపిస్తే, కొత్తదాన్ని వాడండి గాని పాతదాన్ని చెరపకండి. ఎప్పుడు ఎందుకు మారిందో తరవాత అవసరపడుతుంది.

2019కి ముందుకి వెళ్ళాలని సరదా పడకండి. అప్పట్లో చెప్పింది అద్దె ఖర్చు, రొక్కం కాదు. పైగా పాత ఏళ్ళని తిరగరాయకుండానే కొత్త ప్రమాణంలోకి మారవచ్చని 2018లో ఫాజ్‌బీ వెసులుబాటు ఇచ్చింది, చాలా కంపెనీలు దాన్నే పట్టుకున్నాయి. రెండు వరసల్ని అతికించి గ్రాఫు గీస్తే అది అందంగా ఉంటుంది, అంతే.

ఇక మక్తాకీ పాలుకీ తేడా. యంత్రం ఎన్ని గంటలు నడిచిందో, ట్రక్కు ఎన్ని మైళ్ళు తిరిగిందో చూసి కట్టే అద్దెలు లీజు అప్పులో చేరవు. ఏడాదికి మించని చిన్న లీజుల్ని కూడా పక్కన పెట్టే స్వేచ్ఛ కంపెనీకి ఉంది. కాబట్టి పైన చెప్పిన టేగులో ఉండే రొక్కం మక్తా రొక్కమే. మొత్తం ఎంత బయటికి వెళ్ళిందో ఉజ్జాయింపుగా తెలియాలంటే, అదే నోటులో ఉండే మారుడు అద్దెల ఖర్చు, స్వల్పకాలిక లీజుల ఖర్చు కలుపుకోవాలి. అవి ఖర్చులే గాని రొక్కం కావు. అయినా ఇలాంటివి మామూలుగా ఎప్పటికప్పుడే కట్టేస్తారు కనక పెద్ద తేడా రాదు.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకొకటి. ప్రతి 10-కెలోనూ రాబోయే అయిదేళ్ళలో ఏ ఏడాది ఎంత అద్దె కట్టాలో ఒక పట్టిక ఉంటుంది. నిరుటి పట్టికలో "వచ్చే ఏడు" అన్న గడిని తీసుకుని, ఈ ఏడాది నిజంగా కట్టిన రొక్కం పక్కన పెట్టండి. ఎక్కువ కట్టి ఉంటే మధ్యలో కొత్త లీజులు మొదలయ్యాయని అర్థం. తక్కువ కట్టి ఉంటే లీజులు రద్దయి ఉండాలి, లేదా షెడ్డు బాగు చేసుకోవడానికి యజమాని ఇచ్చిన సొమ్ము అందులో సర్దుబాటై ఉండాలి, లేదా అద్దె వాయిదా వేయించుకుని ఉండాలి. 2020లో కోవిడ్ వల్ల వాయిదాలు విరివిగా జరిగాయి. ఆ ఏడాది రొక్కం తగ్గి మరుసటి ఏడు పెరిగితే కంగారు పడక్కర్లేదు. కోవిడ్ లేని ఏడాదిలో అలా జరిగితే మాత్రం నోటు మొత్తం చదవండి.

ఒక నిజమైన కంపెనీని చూద్దాం. మనవాళ్ళకి బాగా తెలిసిన టెస్లా. షోరూములు, సర్వీసు కేంద్రాలు, గిడ్డంగులు, డేటా సెంటర్లు ఇలా చాలా వాటిని ఇది లీజుకి తీసుకుంటుంది. ఆపరేటింగ్ లీజులకి కట్టిన రొక్కం 2021లో సుమారు 62 కోట్ల డాలర్లు, 2022లో 75 కోట్లు, 2023లో 108 కోట్లు. ఇదొక్కటే చూస్తే 2023లో పెరుగుదల 44 శాతం. కాని అదే నోటులో ఆ ఏడాది కొత్తగా తీసుకున్న ఆపరేటింగ్ లీజుల విలువ చూడండి: 2022లో సుమారు 106 కోట్లు, 2023లో 217 కోట్లు. రెట్టింపు దాటింది. వాడుక హక్కు 2022 చివర 256 కోట్లు ఉన్నది 2023 చివరికి 418 కోట్లయింది. ఏడాది మధ్యలో మొదలైన లీజుకి ఆ ఏడాది కొన్ని నెలల అద్దే కడతారు, పూర్తి అద్దె మరుసటి ఏడు పడుతుంది. అంటే కొత్త లీజుల వరస ముందు నడుస్తుంది, రొక్కం వరస దాని వెనక వస్తుంది. ఇది మంచా చెడా అన్నది ఆ చోట్ల ఏం చేస్తారన్నదాని మీద ఉంటుంది. అద్దె రొక్కం ఎటు పోతోందో తెలియడానికి మాత్రం రెండు వరసలూ కావాలి. ఒప్పందం మీద సంతకం అయి ఇంకా మొదలు కాని లీజులు బేలన్స్ షీటులో ఉండవు. వాటిని నోటులో ఒక వాక్యంలో చెబుతారు, అది కూడా వదలకండి.

యూరపు కంపెనీలతోనో, ఇండియా కంపెనీలతోనో పోల్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఐ.ఎఫ్.ఆర్.ఎస్. 16 ప్రకారం అద్దెలో అసలు భాగం అప్పు తీర్చినట్టు లెక్క, ఫైనాన్సింగ్ భాగంలోకి పోతుంది. 2019 ఏప్రిల్ నుంచి ఇండియాలో అమలయిన ఇండ్ ఎ.ఎస్. 116 కింద తయారీ కంపెనీలకి వడ్డీ భాగం కూడా అక్కడికే పోతుంది. పైన మన షెడ్డు పుణె కంపెనీదయి ఉంటే ఆ లక్ష వ్యాపారపు రొక్కంలోంచి పూర్తిగా మాయమయ్యేది. అద్దె అదే, షెడ్డు అదే. ఒహాయో కంపెనీ కన్నా పుణె కంపెనీ లక్ష డాలర్లు ఎక్కువ సంపాదించినట్టు కనిపిస్తుంది.

ఇప్పటిదాకా కంపెనీ అద్దె కట్టే పక్షాన ఉంది. తయారీ కంపెనీకి రెండో పాత్ర కూడా ఉంది. తను చేసిన సరుకునే అమ్మకుండా అద్దెకి ఇస్తుంది. ఇది మన వృత్తికి పుట్టింటి సంగతే, ఐ.బి.ఎం. తన యంత్రాల్ని ఎన్నో ఏళ్ళ పాటు అద్దెకే ఇచ్చేది, 1956 నాటి కోర్టు ఒప్పందం వచ్చాకనే వాటిని అమ్మకానికి కూడా పెట్టవలసి వచ్చింది. ఇలాంటి కంపెనీలో ఆపరేటింగ్ లీజు రొక్కం లోపలికి వస్తుంది. సరుకు తయారు చెయ్యడానికి పెట్టిన రొక్కం ముందే వెళ్ళిపోయి ఉంటుంది.

ఆ వెళ్ళిపోయిన రొక్కాన్ని ఎక్కడ చూపిస్తారన్నది కంపెనీ కంపెనీకీ వేరు. టెస్లా తను లీజుకి ఇచ్చే కార్ల ఖర్చుని వ్యాపార కార్యకలాపాల్లోనే చూపిస్తుంది. జనరల్ మోటార్స్‌లో లీజులు నడిపేది దాని ఫైనాన్సు కంపెనీ. లీజు కార్ల కొనుగోలు అక్కడ పెట్టుబడుల భాగంలో ఉంటుంది, లీజు ముగిశాక కారు అమ్మితే వచ్చిన సొమ్ము కూడా అక్కడే. లోపలికి వచ్చే అద్దెలు మాత్రం ఇద్దరికీ వ్యాపారపు రొక్కమే. ఒకరికి రాకా పోకా రెండూ ఒక చోట, ఇంకొకరికి రాక ఒక చోట, పోక మరో చోట. ఈ సర్దుబాటు చెయ్యకుండా ఈ రెండు కంపెనీల వ్యాపారపు రొక్కాన్ని పక్కపక్కన పెట్టడం వృథా.

ఈ పక్షాన జరగగల అసలు ప్రమాదానికి జిరాక్స్ కథే సాక్ష్యం. 1959లో వచ్చిన 914 కాపీ యంత్రాన్ని అది నెలకి 95 డాలర్లకి, రెండు వేల కాపీలు కలిపి, అద్దెకి ఇచ్చింది. ఆ అద్దెల మీదే కంపెనీ పెరిగింది. తరవాతి కాలంలో యంత్రం, మరమ్మత్తు, ఇంకు, వడ్డీ అన్నీ కలిపి నెలకి ఒకే మొత్తంగా ఒప్పందాలు చేసుకునేది. ఆ మొత్తంలో మరమ్మత్తు, వడ్డీ భాగాల్ని నెల నెలా ఆదాయంగా చూపాలి. యంత్రం భాగాన్ని అమ్మకంలా మొదటి రోజునే చూపించవచ్చు. మరమ్మత్తు, వడ్డీల్లోంచి కొంత యంత్రం వైపు జరిపితే? ఎస్.ఇ.సి. 2002 ఏప్రిల్‌లో వేసిన దావా ప్రకారం, ఇలాంటి పద్దుల మార్పులతో 1997 నుంచి 2000 దాకా జిరాక్స్ 3 బిలియన్ డాలర్లకి పైగా యంత్రాల ఆదాయాన్ని ముందుకి లాక్కుంది, పన్నుకి ముందటి లాభాన్ని సుమారు 1.5 బిలియన్లు పెంచి చూపించింది. తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా కంపెనీ కోటి డాలర్ల జరిమానా కట్టింది. 1999లో 60 డాలర్లు దాటిన షేరు 2000 చివరికి 10 డాలర్ల లోపుకి వచ్చేసింది. పోటీ, అమ్మకాల విభాగంలో గందరగోళం లాంటి వేరే కారణాలూ ఉన్నాయి గాని, పొదుపంతా ఆ షేర్లలో పెట్టుకున్న ఉద్యోగికి కారణాల పంపకంతో పనేముంది?

ఆ నాలుగేళ్ళూ ఖాతాదారు పంపే నెలవారీ చెక్కు మారలేదు. ఆదాయం ముందుకి జరిగింది, రొక్కం జరగలేదు. ఆ రెంటికీ మధ్య దూరమంతా రావలసిన లీజు బాకీల పద్దులో పేరుకుంది. ఇప్పటి ప్రమాణం కింద సరుకు లీజుకి ఇచ్చే కంపెనీ మొదటి రోజు చూపిన లాభం, వడ్డీ ఆదాయం, ఆపరేటింగ్ లీజు ఆదాయం మూడింటినీ విడివిడిగా చెప్పాలి. ఏ ఏడాది ఎంత రావాలో కూడా రెండు రకాలకీ వేర్వేరు పట్టికలు ఇవ్వాలి. నిరుటి పట్టికలోని "వచ్చే ఏడు" గడిని ఈ ఏటి ఆదాయంతో పోల్చే పరీక్ష ఇక్కడ కూడా పనిచేస్తుంది. ఆపరేటింగ్ లీజుల పట్టిక టేగులు లెస్సర్ అన్న మాటతో మొదలవుతాయి, అద్దె కట్టేవాళ్ళ ఆపరేటింగ్ లీజుల పట్టికవి లెస్సీ అన్న మాటతో. జేసన్‌లో వెతికేటప్పుడు ఆ చివరి అక్షరం ఒకసారి సరిచూసుకోండి.